బృందంగా బైక్ ప్రయాణం: వెళ్లవచ్చా, వద్దా?

ఒంటరి బాటసారి:
నమస్కారం. చాలా ఏళ్లుగా బైక్ నడుపుతున్నాను, కానీ ఎప్పుడూ ఒంటరిగానే. నచ్చినచోట ఆగడం, అలసిపోతే మధ్యలోనే వెనక్కి తిరగడం అలవాటైపోయింది. ఇప్పుడు పరిచయస్తులు కొందరు తమ బృందంతో రమ్మంటున్నారు. మొత్తం పన్నెండు బైకులు, రెండు రోజుల ప్రయాణం, అందులో సగం కొండదారి.

వెళ్లాలని గట్టిగానే ఉంది. వాళ్లు తిరిగొచ్చి చెప్పే కబుర్లు వింటుంటే ఆశ పుడుతుంది. భయమూ ఉంది. మలుపుల్లో నేను నెమ్మది. నా కోసం అందరూ ఆగాల్సి వస్తుందేమో, లేదా వాళ్లను ఆపకూడదని నేనే నా శక్తికి మించి నడుపుతానేమో. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: ఒంటరిగా నడపడానికీ దీనికీ అసలు తేడా ఎక్కడుంది? ఒక బృందం మంచిదో కాదో బయలుదేరక ముందే తెలుసుకునే దారి ఉందా?

తోకబండి:
వెళ్లండి అనే చెబుతాను, కానీ కొన్ని సంగతులు తెలుసుకుని వెళ్లండి. మా బృందంలో అందరికంటే చివర నడిపేది నేనే. స్వీప్ రైడర్ అంటారు. బృందం తీరు అక్కడి నుంచి కనిపించినంతగా ఇంకెక్కడి నుంచీ కనిపించదు.

ముందు సంతోషం సంగతి చెబుతాను. అది లేకపోతే మిగతాదంతా అనవసరం. కొండ చుట్టూ దారి తిరుగుతున్నప్పుడు ముందున్న బైకులు ఒక్కొక్కటిగా ఒక పక్కకు వాలి, లేచి, మళ్లీ రెండో పక్కకు వాలుతుంటే చివర ఉన్న నాకు మొత్తం కనిపిస్తుంది. ఎవరూ మాట్లాడుకోరు, అయినా అందరి చేతులూ ఒకే లయలో పని చేస్తుంటాయి. ఆగినచోట హెల్మెట్ తీయకముందే ఎవరో ఒకరు "ఆ వంతెన తర్వాతి మలుపు చూశారా" అంటారు. అది ఏ మలుపో అక్కడున్న అందరికీ తెలుసు. ఒంటరిగా వెళ్తే ఆ మాట పంచుకోవడానికి మనిషి ఉండడు.

ఇక తేడా. ఒంటరిగా ఉన్నప్పుడు మీరు రోడ్డును చూస్తారు. బృందంలో ముందున్న బండిని చూస్తారు. ప్రమాదాలు చాలావరకు అక్కడి నుంచే పుడతాయి.

పన్నెండు బైకులు ఒక్కో సెకను ఎడంతో వెళ్తున్నాయనుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మొదటి బండికీ చివరి బండికీ మధ్య సుమారు 185 మీటర్లు ఉంటుంది. లీడర్ 90కి పెంచితే సెకనుకు 25 మీటర్లు. వరుస 275 మీటర్లకు సాగాలి. సాగనిస్తే ఏ ఇబ్బందీ లేదు, తమ వంతు రాగానే ఒక్కొక్కరూ వేగం పెంచుకుంటారు. కానీ ఎడాన్ని సెకన్లలో కాక కంటికి కనిపించే దూరంతో కొలిచేవారికి తాము వెనకబడిపోతున్నామని అనిపిస్తుంది. పెరిగిన ఆ 90 మీటర్లను పూడ్చాలని 105, 110 మీద పోతారు. అంతలో ముందు ఎవరో బ్రేకు వేస్తారు. ఇలా వరుస స్ప్రింగులా సాగుతూ ముడుచుకుంటూ ఉంటే ఆ ఒత్తిడంతా చివరివాళ్ల మీద పడుతుంది. రోజంతా 90 దాటలేదని లీడర్ నిజాయితీగా చెబుతాడు. చివరివాడు 115 మీద నడిపి ఉంటాడు. ఇద్దరి మాటా నిజమే.

దీన్ని జపాన్‌లో కార్లతో పరీక్షించి చూశారు. 2008లో ఆ ఫలితాలు ప్రచురించారు. 230 మీటర్ల చుట్టుకొలత గల వలయంలో 22 కార్లను ఒకే వేగంతో నడపమన్నారు. సిగ్నల్ లేదు, అడ్డంకి లేదు. అయినా చిన్న చిన్న తేడాలు పేరుకుని కాసేపటికి కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయే స్థితి వచ్చింది. ఆ ఆగడం ఒక కారు నుంచి దాని వెనుక కారుకు పాకుతూ పోయింది. ఎవరూ ఏ పొరపాటూ చేయకుండానే అలా జరిగింది.

అందుకే నెమ్మదిగా నడిపేవారిని, కొత్తవారిని చివర పెట్టకూడదు. లీడర్ వెనుకే, రెండో స్థానంలో ఉంచాలి. అప్పుడు లీడర్ అద్దంలో చూసి వాళ్ల వేగానికి తగ్గట్టు నడుపుతాడు. మిమ్మల్ని ఎక్కడ ఉంచుతారో అడగండి. "కొత్తవాళ్లు వెనకాల రండి" అన్నారంటే వాళ్లు ఈ విషయం ఇంకా ఆలోచించలేదని అర్థం.

ఏకాంతం:
నేను వద్దనే చెబుతాను. భయపెట్టాలని కాదు. బృందాలతో చాలా తిరిగి, ఆలోచించుకుని మానేసినవాణ్ని.

మీరే రాశారు, వాళ్లను ఆపకూడదని శక్తికి మించి నడుపుతానేమో అని. అది మీ బలహీనత కాదు, మనిషి స్వభావం. 1898లో నార్మన్ ట్రిప్లెట్ అనే పరిశోధకుడు సైకిల్ పందేల రికార్డులు పరిశీలించి, ఒంటరిగా గడియారంతో పోటీ పడినప్పటి కంటే తోడు మరొకరు ఉన్నప్పుడు వేగం పెరుగుతుందని చూపించాడు. బృందంలో పందెం మాట ఎవరూ ఎత్తనక్కరలేదు. పక్కన మరో బండి ఉండటమే చాలు.

ఇంకొకటి. 1981లో అమెరికాలో వెలువడిన హర్ట్ నివేదిక గురించి చాలామంది వినే ఉంటారు. లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో దాదాపు 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించారు. ప్రమాదం ముంచుకొచ్చాక తప్పించుకోవడానికి రైడర్‌కు మామూలుగా దొరికేది రెండు సెకన్ల లోపే అని అందులో తేలింది. ఆ రెండు సెకన్లే మన ఆస్తి అయినప్పుడు, ఒక సెకను ఎడంతో నడపమని చెప్పే పద్ధతిని నేను ఎలా ఒప్పుకోవాలి? ప్రయాణం మొదలుకాకముందే సగం వదులుకున్నట్టే కదా.

సంతోషం నిజమే, కాదనను. కానీ ఆ సంతోషమే మనిషికి "ఇక చాలు" అనే మాట రానివ్వదు. ఒంటరిగా ఉంటే అలసట రాగానే ఆగుతాను. పదకొండు మంది ముందు "నాకు నిద్ర వస్తోంది" అనడానికి ఎంతమందికి నోరు వస్తుంది?

మలుపుచూపు:
ఏకాంతం గారూ, ఆ ఒక సెకను లెక్క ఏమిటో విడమరచి చెప్పాలి. లేకపోతే కొత్తవాళ్లు తప్పుగా అర్థం చేసుకుంటారు.

స్టాగర్డ్ ఫార్మేషన్‌లో లీడర్ లేన్‌లో మధ్య గీత వైపు ఉంటాడు. రెండోవాడు రోడ్డు అంచు వైపు ఉంటాడు. మూడోవాడు మళ్లీ లీడర్ వెనుక. ఒక సెకను ఎడం ఏటవాలుగా ముందున్న బండితో. నేరుగా ముందున్న బండితో మాత్రం రెండు సెకన్లు ఉండాల్సిందే. అంటే మీరు గట్టిగా బ్రేకు వేసినా మీ చక్రం ముందు ఖాళీ రోడ్డే ఉంటుంది. పక్కకు తప్పుకోవడానికి లేన్ మొత్తం వెడల్పూ మీ చేతిలో ఉంటుంది. అందుకే ఇద్దరు పక్కపక్కన జంటగా నడపడాన్ని ఏ శిక్షకుడూ ఒప్పుకోడు. అలా నడిపితే ఆ వెడల్పు పోతుంది. పక్కవాడు గుంత తప్పించబోతే హ్యాండిల్ మీ హ్యాండిల్‌కు తగులుతుంది.

అయితే ఈ వరుస తిన్నని, వెడల్పైన, శుభ్రమైన రోడ్డు మీదే. మలుపుల్లో, కంకర ఉన్నచోట, వానలో, మంచులో, ఇరుకు దారిలో ఒకరి వెనుక ఒకరుగా రెండేసి సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ ఎడంతో వెళ్లాలి. మలుపులో ప్రతివారికీ లేన్ మొత్తం కావాలి. స్టాగర్డ్‌గానే మలుపు తిరిగితే సగం మంది ఆ మలుపుకు సరిపడని పక్కన ఇరుక్కుపోతారు.

దీంట్లో ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. స్టాగర్డ్ నుంచి ఒంటి వరుసకు మారినప్పుడు వరుస పొడవు రెండింతలు అవుతుంది. తోకబండి గారి లెక్కలోని 275 మీటర్లు 550 అవుతాయి. ఆ మార్పు మలుపులోకి వెళ్లాక చేస్తే వెనుకవాళ్లు మలుపు మధ్యలో బ్రేకు వేయాల్సి వస్తుంది. లీడర్ మలుపుకు చాలా ముందే చెయ్యి పైకెత్తి ఒక వేలు చూపించి, వరుస సర్దుకోవడానికి సమయం ఇవ్వాలి. ఒక లీడర్ సామర్థ్యం తెలుసుకోవాలంటే నేను చూసేది ఇదొక్కటే.

చూపు గురించి కూడా. మనం ఎటు చూస్తే బండి అటు పోతుంది. ముందువాడు మలుపులో రోడ్డు దిగిపోతే, అతని వెనుక లైటు మీదే కళ్లు పెట్టుకున్నవాడూ అతని వెనుకే దిగుతాడు. ముందు బండి మీద ఓ కన్ను ఉంచండి, కానీ మలుపులో చూపు మాత్రం రోడ్డు కనుమరుగయ్యే చోట ఉండాలి. ఆ చోటు మీ నుంచి దూరంగా జరుగుతుంటే మలుపు విచ్చుకుంటోంది. దగ్గరికి వస్తుంటే బిగుస్తోంది, వేగం తగ్గించాలి. ముందున్న బండి మీకు ఈ సంగతి చెప్పదు. ఎందుకంటే అతని టైర్లు, అతని నేర్పు, అతని బరువు వేరు.

స్పానర్:
రెండు మాటలే. మీ ట్యాంకుతో ఎంత దూరం వెళ్లగలరో లీడర్‌కు చెప్పండి. బృందంలో అన్నిటికంటే చిన్న ట్యాంకు ఉన్న బండిని బట్టే ఆగే చోట్లు నిర్ణయించాలి. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి, చైన్ బిగువు, బ్రేకు ప్యాడ్లు ముందు రోజే చూసుకోండి. మీ బండి దారిలో ఆగితే పన్నెండు బళ్లు రోడ్డు పక్కన ఆగుతాయి. వేగంగా పోయే వాహనాల పక్కన అంతమంది నిలబడటమే ఒక ప్రమాదం.

వెనుక సీటు:
ఇక్కడ అందరూ నడిపేవాళ్లే మాట్లాడుతున్నారు. వెనుక కూర్చునేవాళ్ల సంగతీ చెప్పాలి. నేను నా భర్త వెనుక కూర్చుని చాలా బృంద ప్రయాణాలు చేశాను.

నాకు దొరికే ఆనందం ఆయనకు దొరకదు. ఆయన కళ్లు రోడ్డు మీద ఉంటే, నావి లోయ మీద, ఆకాశం మీద, పక్క బండి వెనుక కూర్చున్న స్నేహితురాలి మీద ఉంటాయి. మేమిద్దరం ఒక్క మాటా లేకుండా చేతులతోనే చాలా మాట్లాడుకుంటాం.

కానీ వెనుక మనిషి ఎక్కగానే బండి మారిపోతుంది. ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది, వెనుక టైరులో గాలి పెంచాలి, వెనుక సస్పెన్షన్ బిగించాలి. దాటి వెళ్లడానికి ఇంకాస్త సమయం కావాలి. ఒంటరిగా నడిపేవాళ్ల వేగానికి సరిపోవాలని ఆయన ప్రయత్నించిన ప్రతిసారీ ఆ తొందర నా వెన్నుకు తెలుస్తుంది. అందుకని మేము ఒక ఏర్పాటు చేసుకున్నాం. నేను ఆయన కుడి భుజం మీద రెండుసార్లు తడితే వేగం తగ్గించాలి, కారణం అడగకూడదు. బృందంలో ఎవరు ఏమనుకుంటారన్న ప్రశ్నే రాకూడదు. వెనుక ఎవరినైనా కూర్చోబెట్టుకునే వాళ్లంతా ముందే ఇలాంటిది ఒకటి మాట్లాడుకోండి. వెనుక మనిషి సామాను కాదు, ఆ ప్రాణానికి కూడా ఆ వేగం మీద మాట ఉండాలి.

ఏకాంతం:
మలుపుచూపు గారూ, ఏటవాలు ఎడం గురించి మీరు చెప్పింది సరైనదే, ఒప్పుకుంటున్నాను. తిన్నని రోడ్డు మీద అలా క్రమశిక్షణతో నడిపే బృందం ఉంటే నా అభ్యంతరం సగం పోతుంది.

మిగిలిన సగం దాటి వెళ్లడం గురించి. ముందు లారీ ఉంటుంది. లీడర్ దాటేసి, ఎదురుగా ఏమీ రావడం లేదని చెయ్యి ఊపి రమ్మంటాడు. నేను బృందాలు మానేయడానికి ఈ సైగే పెద్ద కారణం. లెక్క చూడండి: మీరు 80 మీద, ఎదుటి వాహనం 80 మీద వస్తుంటే మీ మధ్య దూరం సెకనుకు 44 మీటర్లు తగ్గుతుంది. లీడర్ చెయ్యి ఊపిన ఐదు సెకన్లకు 220 మీటర్ల రోడ్డు మాయమైపోయింది. అతను చూసినప్పుడు ఖాళీగా ఉన్నది మీ వంతు వచ్చేసరికి ఖాళీ కాదు. మూడోవాడు, నాలుగోవాడు ఆ సైగనే నమ్ముకుని బయటికి వస్తారు.

మలుపుచూపు:
ఈ విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తున్నాను. ఎవరి దాటు వారిదే. ఒక్కొక్కరుగా దాటాలి, ప్రతివారూ తమ కళ్లతో చూసుకుని దాటాలి, ముందువాడి సైగను అనుమతిగా తీసుకోకూడదు. దాటినవాడు లేన్‌లోకి రాగానే వేగం తగ్గించకుండా కొంత దూరం అలాగే సాగాలి. లేకపోతే వెనుక దాటి వచ్చేవాడికి చోటు ఉండదు, లారీ పక్కనే ఇరుక్కుంటాడు. లారీ వెనుక పది నిమిషాలు ఉండిపోయినా ఫరవాలేదు, ముందు వాళ్లు ఎక్కడో ఒకచోట ఆగుతారు.

నీలిహెల్మెట్:
చర్చ అంతా జాగ్రత్తల మీదే నడుస్తోంది. అవి కావాలి, కాదనను. కానీ నాకు బృందం ఇచ్చిన దాని గురించి కూడా చెప్పాలని ఉంది.

మలుపులు నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు. బాగా నడిపే ఒక రైడర్ వెనుక తగినంత ఎడంతో నెలల తరబడి వెళ్లి నేర్చుకున్నాను. ఆవిడ మలుపుకు ముందు ఎక్కడ బ్రేకు వదులుతుంది, ఏ వైపు నుంచి లోపలికి వస్తుంది, మలుపు అయిపోయిందని తెలిశాకే ఎలా యాక్సిలరేటర్ తిప్పుతుంది, ఇవన్నీ కళ్లెదురుగా జరుగుతుంటే చూశాను. ఆ తర్వాత ఆవిడ నా వెనుక నడిపి, ఆగినచోట నాకు మాత్రమే వినబడేలా రెండు మాటలు చెప్పేది. ఒంటరిగా ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగినా నా తప్పు నాకు కనిపించేది కాదు. బృందం ఇచ్చే సుఖాల్లో నాకు అన్నిటికంటే విలువైనది ఇది, దీని గురించి ఎవరూ మాట్లాడరు.

ఆడవాళ్లు తోడుగా బైకులు నడపడం కొత్త సంగతేమీ కాదు. 1916లో అగస్టా, అడెలైన్ వాన్ బ్యూరెన్ అనే అక్కాచెల్లెళ్లు చెరో మోటార్‌సైకిల్ మీద న్యూయార్క్ నుంచి అమెరికా అంతా దాటి కాలిఫోర్నియా చేరారు. రోడ్లనేవి సరిగా లేని రోజులవి. సైన్యంలో సందేశాలు చేరవేసే పనికి స్త్రీలు పనికొస్తారని చూపించడమే వారి ఉద్దేశం. దారిలో 4,300 మీటర్ల ఎత్తున్న పైక్స్ పీక్ శిఖరం మీదికి కూడా బళ్లు ఎక్కించారు. అన్ని వేల కిలోమీటర్లు తోడు లేకుండా ఒక్కరే వెళ్లి ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు ఆలోచిస్తాను. ఇసుకలో కూరుకుపోయిన బండిని లేపడానికైనా రెండో మనిషి కావాలి.

ఒంటరి బాటసారి గారూ, బృందాన్ని ఎలా అంచనా వేయాలని అడిగారు కదా. నేను అడిగే ప్రశ్న ఒకటుంది: "మధ్యలో ఎవరైనా ఇక రాలేను, వెనక్కి వెళ్తాను అంటే మీరేం చేస్తారు?" జవాబు వినండి. "ఒకరిని తోడిచ్చి పంపుతాం" అంటే వెళ్లండి. "మా బృందంలో అలా ఎవరూ అనరు" అని గర్వంగా చెబితే వద్దు.

తెల్లకోటు:
అత్యవసర విభాగంలో పనిచేస్తాను, బైక్ కూడా నడుపుతాను. బృందంలో ఎవరైనా పడిపోతే ఏం జరుగుతుందో చెబుతాను. దీన్ని ముందుగా మాట్లాడుకునే బృందాలు చాలా తక్కువ.

స్నేహితుడు పడగానే వెనుక ఉన్నవాళ్లంతా రోడ్డు మీదే బళ్లు వదిలేసి పరుగెత్తుతారు. మనసు అలాగే చేస్తుంది. కానీ మలుపు వెనుక నుంచి వచ్చే కారుకు అక్కడ ఏముందో తెలియదు. రెండో ప్రమాదం మొదటి దానికంటే ఘోరంగా ఉండవచ్చు. కాబట్టి బళ్లు పూర్తిగా రోడ్డు దిగాలి. ఇద్దరు రెండు వైపులా నడిచి వెళ్లి, వచ్చే వాహనాలను దూరం నుంచే ఆపాలి. ఒకరు అంబులెన్స్‌కు ఫోను చేయాలి, ఫోనులోని మ్యాపులో చోటు చూసి కచ్చితంగా చెప్పాలి. ఒక్కరే గాయపడ్డవారి దగ్గర ఉండి మాట్లాడాలి. ఎవరు ఏ పని చేస్తారో బయలుదేరే ముందే పేర్లతో సహా అనుకోండి. "ఎవరో ఒకరు ఫోను చేస్తారు" అనుకుంటే అందరూ అలాగే అనుకుంటారు.

పడ్డవారిని లేపి కూర్చోబెట్టకండి, నీళ్లు తాగించకండి. వెన్నెముకకు దెబ్బ తగిలి ఉండవచ్చు. ఊపిరి ఆడుతూ ఉంటే హెల్మెట్ తీయకండి. ఊపిరి ఆడకపోయినా, వాంతితో నోరు నిండిపోతున్నా తీయక తప్పదు. అప్పుడు ఒకరు తలనూ మెడనూ కదలకుండా పట్టుకోవాలి, రెండోవారు నెమ్మదిగా తీయాలి. ఇది చదివితే రాదు, ప్రథమ చికిత్స తరగతిలో చేసి నేర్చుకోవాలి. రక్తం ధారగా పోతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపెట్టి వదలకుండా ఉంచాలి. లేచి నిలబడి "నాకేమీ కాలేదు" అనేవారిని కూడా మళ్లీ బండి ఎక్కనివ్వకండి. ఆ నిమిషంలో నొప్పి తెలియదు. లోపలి రక్తస్రావం గంటల తర్వాత బయటపడిన వాళ్లను చూశాను.

హెల్మెట్ గురించి చెప్పాల్సిన అవసరం ఉండకూడదు, కానీ చిన్న దూరమే కదా అని తీసేసే వాళ్లను ప్రతి బృందంలో చూస్తున్నాను. 1935లో 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపొందిన బ్రిటిష్ సైనికాధికారి, రచయిత టి.ఇ. లారెన్స్ మోటార్‌సైకిల్ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. ఆయనను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే నాడీ శస్త్రవైద్యుడు ఒకరు. ఆ మరణం ఆయనను వదల్లేదు. మోటార్‌సైకిల్ మీద వెళ్లేవారి తల గాయాలను పరిశోధించి 1941లో హెల్మెట్ల అవసరంపై వ్యాసం ప్రచురించాడు. ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష ప్రకారం ప్రమాదంలో హెల్మెట్ మరణావకాశాన్ని సుమారు 42 శాతం, తల గాయం అవకాశాన్ని సుమారు 69 శాతం తగ్గిస్తుంది.

మద్యం గురించి కూడా ఒక మాట. ఏకాంతం గారు చెప్పిన హర్ట్ నివేదికలోనే మరణాలు జరిగిన ప్రమాదాల్లో దాదాపు సగంలో మద్యం పాత్ర కనిపించింది. మధ్యాహ్నం ఆగినచోట "ఒక్కటే" అనే బృందంతో ఆ తర్వాత ఒక్క కిలోమీటరు కూడా వెళ్లకండి.

ఒంటరి బాటసారి:
ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. లీడర్‌తో మాట్లాడాను. మధ్యలో వెనక్కి వచ్చేవారికి తోడిస్తామన్నారు. మద్యం విషయంలో చాలా కచ్చితంగా ఉన్నారు. నన్ను రెండో స్థానంలో ఉంచడానికి ఒప్పుకున్నారు. ప్రథమ చికిత్స నేర్చుకున్నవారు ఇద్దరు ఉన్నారు.

ఒక్క విషయం మాత్రం నాకు నచ్చలేదు. "మా బృందం విడిపోదు, పన్నెండు బళ్లూ ఎప్పుడూ కనుచూపులోనే ఉండాలి, అదే మా ఐక్యత" అన్నారు. వినడానికి బాగానే ఉంది, కానీ ఇక్కడ చదివిన తర్వాత సందేహం వచ్చింది. సిగ్నల్ దగ్గర సగం మంది ఆగిపోతే? లారీ అడ్డం వస్తే?

తోకబండి:
మీ సందేహం సరైనదే. కనుచూపులోనే ఉండాలన్న పట్టుదల ఎర్ర సిగ్నల్ దాటిస్తుంది, మలుపులో లారీని దాటిస్తుంది. బృందం విడిపోతుందన్న భయం లేకుండా చేయడమే లీడర్ పని.

దానికి మంచి పద్ధతి ఉంది. దారి మారే ప్రతి చోటా లీడర్ రోడ్డు పక్కన సురక్షితమైన చోటు చూపిస్తాడు. అతని వెనుక ఉన్న రెండో బండి అక్కడ ఆగి, వచ్చేవాళ్లందరికీ తిరగాల్సిన వైపు చూపిస్తుంది. మిగతా బళ్లన్నీ వెళ్లిపోయాక స్వీప్ రైడర్ వస్తాడు. అతన్ని చూడగానే ఆగిన బండి బయలుదేరి, అతని ముందు చేరుతుంది. తర్వాతి కూడలిలో ఇప్పుడు రెండో స్థానంలో ఉన్నవారు ఆగుతారు. ఇలా ఎవరూ ఎవరినీ కళ్లతో పట్టుకుని ఉండనక్కరలేదు. మధ్యలో అరగంట ఎడం వచ్చినా దారి తప్పరు. నేను చెప్పినట్టు కొత్తవారు రెండో స్థానంలో ఉంటే వాళ్లే మొదటి కూడలిలో ఆగాల్సి వస్తుంది, కాబట్టి ఈ పద్ధతి వాడేటప్పుడు మిమ్మల్ని లెక్కలోంచి తప్పించి మూడోవారిని ఆపమనండి. ఆ ఒక్క నియమమూ ఆగేవాళ్లందరికీ కచ్చితంగా గుర్తుండాలి: స్వీప్ రైడర్ కనిపించేవరకు కదలకూడదు, ఎంతసేపైనా సరే.

పన్నెండు పెద్ద సంఖ్యే. శిక్షణ సంస్థలు సాధారణంగా ఐదు నుంచి ఏడు బళ్లు దాటవద్దంటాయి. ఆరేసి చొప్పున రెండు జట్లు చేయమనండి. ప్రతి జట్టుకూ ఒక లీడర్, ఒక స్వీప్. మధ్యాహ్నం ఆగేచోట అందరూ కలుస్తారు.

ఏకాంతం:
రెండు జట్లకు ఒప్పుకుంటే, ఆ పద్ధతి పాటిస్తే, నేను కూడా వద్దనలేను. నేను మాత్రం ఒంటరిగానే వెళ్తాను, అది నా ఇష్టం. ఆ నిశ్శబ్దం నాకు కావాలి. మీకు ఒకటే చెబుతాను: మొదటి గంట నడిపాక మొదటిసారి ఆగినప్పుడు మిమ్మల్ని మీరు అడగండి, చివరి ఇరవై నిమిషాల్లో దారిలో ఏమేం చూశానని. ముందు బండి వెనుక లైటు తప్ప ఇంకేమీ గుర్తు రాకపోతే, ఎడం పెంచండి.

వెనుక సీటు:
ఆ ప్రశ్న నేను మా వారిని కూడా అడుగుతాను.

ఒంటరి బాటసారి:
లీడర్‌కు ఈ పద్ధతి వివరించాను. ఆయన మొదట కొంచెం నొచ్చుకున్నారు, తర్వాత రాత్రి ఫోను చేసి రెండు జట్లకు ఒప్పుకున్నారు. కూడలి పద్ధతి కూడా అందరికీ కాగితం మీద గీసి చూపిస్తామన్నారు. నేను రెండో జట్టులో వెళ్తున్నాను.

చివరి ప్రశ్న. చాలామందికి హెల్మెట్‌లో ఇంటర్‌కామ్ ఉంది, నాకు లేదు. కొనాలా?

నీలిహెల్మెట్:
తప్పనిసరి కాదు. లీడర్‌కూ స్వీప్‌కూ మధ్య ఉంటే చాలు. అందరికీ ఉంటే కబుర్లు మొదలవుతాయి, కొండదారిలో నాకు అది నచ్చదు. మీకు చేతి సైగలు సరిపోతాయి. వేగం తగ్గించడానికి చెయ్యి చాపి అరచేయి కిందికి ఉంచి కిందికి కదపడం. ఒంటి వరుసకు పైకెత్తిన ఒక వేలు, స్టాగర్డ్‌కు రెండు వేళ్లు. రోడ్డు మీద గుంత లేదా కంకర ఉంటే ఆ వైపు కాలు చాపడమో చేత్తో చూపడమో. ఇంధనం కావాలంటే ట్యాంకును చూపించడం. మీకు ఆగాల్సిన అవసరం వస్తే ఇండికేటర్ వేసి నెమ్మదిగా పక్కకు వెళ్లండి, స్వీప్ రైడర్ మీ వెనుక ఆగుతారు, మిగతావాళ్లు వెళ్లిపోవాలి.

సైగలు ఒక్కో బృందంలో కొంచెం మారుతుంటాయి, కాబట్టి బయలుదేరే ముందు మీ జట్టులోని ఆరుగురూ నిలబడి అన్నిటినీ ఒకసారి చేసి చూడండి. క్లచ్ పట్టుకున్న చెయ్యి, బ్రేకు మీద ఉన్న చెయ్యి రెండూ ఖాళీ లేని చోట సైగ చేయాలని ప్రయత్నించకండి, బ్రేకు లైటు చాలు. చీకటి పడితే సైగలు కనిపించవు. రెండో రోజు తిరుగు ప్రయాణం వెలుతురు ఉండగానే ముగిసేలా ఎన్ని గంటలకు బయలుదేరాలో లీడర్‌ను ఇప్పుడే అడిగి ఖాయం చేసుకోండి.